గీతలు పడ్డ సీడీని పారేయకండి!

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్... మన దిక్కు ఇళ్లల్లో పెళ్లి సీడీలు, లైబ్రరీల్లో పాఠాల డీవీడీలు ఇంకా ఉన్నయి. గీతలు పడ్డాయని పారేయొద్దు. ఎందుకో చెప్తా.

సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు. దాదాపు అంతా ప్లాస్టికే. డేటా మాత్రం పైన, లేబుల్ కిందనే ఉంటది. అందుకే మెరిసే వైపు పడ్డ పైపై గీతను పాలిష్ చేస్తే లేజర్ మళ్లీ చదవొచ్చు. లేబుల్ వైపు లోతుగా గీసుకుపోతే అక్కడి డేటా పోయినట్టే. అందుకే సీడీ మీద బాల్‌పెన్నుతో రాయకండి. డీవీడీలో డేటా మధ్యలో ఉంటది, కొంచెం నయం. బ్లూ-రేలో 0.1 మిల్లీమీటర్ లోతులోనే ఉంటది, దాన్ని పాలిష్ చేయొద్దు.

పాలిష్ కన్నా ముందు తుడిచి చూడండి. చాలాసార్లు అది గీత కాదు, మురికే! మెత్తటి తడిబట్టతో మధ్య నుంచి అంచుకు తుడవాలి, గుండ్రంగా కాదు. డేటా గుండ్రంగా రాసి ఉంటది కదా. అడ్డంగా పడ్డ సన్నగీతను ప్లేయర్ సవరించుకుంటది, డేటా వెంబడి పడితే కష్టం.

ఒక్కసారి ఆడిందా, వెంటనే కాపీ తీసి రెండు చోట్ల దాచుకోండి. అందులో ఉన్న తాత గొంతు ఇంకెక్కడా దొరకకపోవచ్చు.