పిలవకుండానే పలికే ప్రోగ్రాం

"సార్, ఈ కమాండ్1_క్లిక్‌ని నేను ఎక్కడా పిలవలేదే! మరి ఎలా నడిచింది?"

హౌరాలో కదంతలా దగ్గర కంప్యూటర్ పాఠాలు చెబుతున్నప్పుడు ఓ కుర్రాడు అడిగాడు. వాళ్ల నాన్నకి బెలీలియస్ రోడ్డులో లేత్ షాపు ఉంది. ఆ షాపు కోసం బిల్లులు కొట్టే ప్రోగ్రాం ఒకటి విజువల్ బేసిక్‌లో చేయాలని వాడి ఆశ. ఫారం మీద బటన్ పెట్టి, డబుల్ క్లిక్ చేసి, తెరుచుకున్న రెండు లైన్ల మధ్య ఒక లైను రాశాడు. పనిచేసింది. చాలామంది అంతటితో తృప్తిపడతారు, వీడు పడలేదు.

బటన్లు లాగి పెట్టే సౌకర్యాన్ని అందరూ పొగుడుతారు గానీ, విజువల్ బేసిక్‌లో అసలు పనితనం ఆ ప్రశ్న వెనక ఉందని నా నమ్మకం.

పాత బేసిక్‌లో పెత్తనం ప్రోగ్రాందే. ధర ఎంత అని అడుగుతుంది, చెప్పేదాకా కదలదు. తర్వాత పరిమాణం అడుగుతుంది. విండోస్‌లో అలా కుదరదు. వాడేవాడు ముందు పరిమాణం కొట్టొచ్చు, కిటికీని పక్కకి జరపొచ్చు, లేదా అన్నీ వదిలేసి టీకి పోవచ్చు. కాబట్టి ప్రోగ్రాం కాచుకుని ఉండాలి. మౌస్ కదిలినా, మీట నొక్కినా విండోస్ ఒక సందేశం తయారుచేసి ఆ ప్రోగ్రాం వరసలో వేస్తుంది. ప్రోగ్రాం లోపల తిరుగుతున్న ఒక లూప్ ఆ సందేశాలను ఒక్కొక్కటిగా తీసి, ఎవరిది వారికి పంచుతుంది. సీ భాషలో రాసేవాళ్లు ఈ లూప్‌ని చేత్తో రాసుకోవాల్సిందే. ఖాళీ కిటికీ ఒక్కటి తెరవడానికే పేజీ దాటిపోయేది. విజువల్ బేసిక్ దాన్ని, ప్రోగ్రాంని నడిపించే తన రన్‌టైమ్‌లో దాచేసింది. సందేశం రాగానే బటన్ పేరు, అండర్‌స్కోర్, ఈవెంట్ పేరు కలిపిన ప్రొసీజర్ ఉందా అని చూస్తుంది. ఉంటే పిలుస్తుంది, లేకపోతే ఊరుకుంటుంది. కుర్రాడి కమాండ్1_క్లిక్‌ని పిలిచింది ఆ లూపే.

క్లిక్ కూడా మనమనుకున్నంత సాదా విషయం కాదు. బటన్ మీద మౌస్ నొక్కి, వేలు తీయకుండా పక్కకి లాగి అక్కడ వదిలి చూడండి. ఏమీ జరగదు. నొక్కడం ఒక సందేశం, వదలడం ఇంకొకటి. రెండూ బటన్ మీదే జరిగితేనే క్లిక్.

ఇందులో ఒక చిక్కుంది. హౌరా స్టేషన్ ఎంక్వైరీ కౌంటర్‌లో ఒకే గుమాస్తా ఉన్నట్టు, ఈ లూప్ ఒక్కసారికి ఒక్క పనే చూస్తుంది. క్లిక్‌లో లక్ష బిల్లులు కూడమన్నారనుకోండి, అది పూర్తయ్యేదాకా మిగతా సందేశాలన్నీ వరసలోనే. కిటికీ తెల్లబోయి, పైన 'నాట్ రెస్పాండింగ్' అని పడుతుంది. మధ్యలో డూఈవెంట్స్ అని రాస్తే ఆ వరస కాస్త కదులుతుంది. అయితే ఆ సందులో ఎవరైనా అదే బటన్ మళ్లీ నొక్కితే మొదటి లెక్క తేలకముందే రెండోది మొదలై కూర్చుంటుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ప్రొసీజర్ మొదటి లైన్లోనే బటన్‌ని నిద్రపుచ్చుతారు.

విజువల్ బేసిక్‌కి వచ్చిన పోటీల్లో నాకిష్టమైనది డెల్ఫీ. అలన్ కూపర్ రాసిన ట్రైపాడ్ అనే ప్రోగ్రాంని 1988లో మైక్రోసాఫ్ట్ కొని, దానికి బేసిక్‌ని జోడించి 1991లో విజువల్ బేసిక్‌గా విడుదల చేసింది. 1995లో బోర్లాండ్ కంపెనీ, ఆండర్స్ హేల్స్‌బర్గ్ రూపకల్పనలో, పాస్కల్ భాషతో డెల్ఫీ తెచ్చింది. విజువల్ బేసిక్‌లో బటన్‌కి, ప్రొసీజర్‌కి మధ్య ముడి పేరు ఒక్కటే. కమాండ్1ని బిల్‌బటన్ అని మార్చారో, పాత కమాండ్1_క్లిక్ అనాథ అయిపోతుంది. తప్పని ఎవరూ చెప్పరు, బటన్ మాత్రం పలకదు. డెల్ఫీలో ఫలానా క్లిక్‌కి ఫలానా ప్రొసీజర్ అని ఫారంలోనే రాసి ఉంటుంది, మూడు బటన్లకి ఒకే ప్రొసీజర్ తగిలించవచ్చు. నా ఓటు డెల్ఫీకే. జనం ఓటు మాత్రం విజువల్ బేసిక్‌కి పడింది.

హౌరాలో చాలామంది బెంగాలీ టైపు చేసుకునే అభ్ర కీబోర్డ్ ఈ రెండింటి దారీ తొక్కింది. బంగ్లాదేశ్‌లో వైద్యవిద్యార్థిగా ఉన్న మెహ్దీ హసన్ ఖాన్ 2003లో దాన్ని విజువల్ బేసిక్‌తోనే మొదలుపెట్టి, తర్వాత డెల్ఫీలో తిరగరాశాడు.

మిగతాది త్వరగా చెప్పేయొచ్చు. 1998లో విజువల్ బేసిక్ ఆరో వెర్షన్ వచ్చింది. హేల్స్‌బర్గ్ అప్పటికే మైక్రోసాఫ్ట్‌లో చేరిపోయాడు, అక్కడ సీ షార్ప్ రూపొందించాడు. 2002లో వచ్చిన విజువల్ బేసిక్ డాట్‌నెట్ పాత ప్రోగ్రాంలను యథాతథంగా స్వీకరించలేదు. 2008లో ఆరో వెర్షన్ ఎడిటర్‌కి మద్దతు ఆగిపోయింది. రన్‌టైమ్ మాత్రం ఇప్పటికీ విండోస్‌తోనే వస్తోంది, పాత బిల్లింగ్ ప్రోగ్రాంలు నడుస్తూనే ఉన్నాయి. లినక్స్ మీద ఆ రుచి కావాలంటే బెన్వా మినిసినీ తయారుచేసిన గాంబాస్ ఉంది. బటన్ పేరు పక్కన అండర్‌స్కోర్ పెట్టి క్లిక్ అని రాయడం అందులోనూ మారలేదు.