చెరిపిన అంకె

మా ఆఫీసు రిజిస్టరులో అంకె తప్పు పడితే బ్లేడుతో గీకరాదు. ఒక్క గీతతో కొట్టివేసి, పక్కన సరియైనది వ్రాసి, పొట్టి సంతకం చేయవలెను. పాత అంకె కనబడుతూనే ఉండవలెను.

ఇది చెప్పడమెందుకంటే, 2023 జూన్ 2న బహనగా బజారు వద్ద కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం పాఠకులకు జ్ఞాపకమే. మృతులు 288 మంది అన్నారు. కొన్ని దేహాలు రెండుమార్లు లెక్కకు వచ్చాయని 4వ తేదీన ప్రభుత్వం 275 అన్నది. 6న మళ్లీ 288 అన్నది. అంతటి గందరగోళంలో లెక్క మారక తప్పదు, సరే.

ఆ బండిలో మా పొరుగింటి కుర్రవాడున్నాడు. ఉదయం సెల్‌ఫోనులో 288 అని చదివిన చిన్నాన్నగారికి సాయంత్రం అదే వార్తలో 275 కనబడింది. మార్చినట్లు ఒక్క ముక్క లేదు. "ఆ పదముగ్గురూ బ్రతికి వచ్చారటరా?" అని ఆశగా అడిగారు. ఏమి చెప్పను?

కాగితం పత్రికైతే నిన్నటిది ఇంట్లోనే ఉంటుంది, పోల్చుకోవచ్చు. తప్పు తేలితే వెంటనే, కనబడేచోట సవరణ వేయాలని ప్రెస్ కౌన్సిల్ నియమం కూడాను. వెబ్‌సైటువారికి ఇది మరీ సులువు గదా! ఎప్పుడు, ఏది, ఎందుకు మార్చారో వార్త అడుగున రెండు వాక్యాలు చాలును. కొందరు వేస్తున్నారు కూడా.

ఆనాడు కారణం తెలియడానికి నేను మరి మూడు చోట్ల వెదకవలసివచ్చింది. కుర్రవాడు మర్నాడు కటక్ ఆసుపత్రిలో దొరికాడు, కాలికి కట్టుతో.