మత్తుసూదియు ఇల్లాలును

గృహిణులు చదువుకొను పత్రికలో ఇట్టి విషయము వ్రాయవచ్చునా యని పెద్దలు కొందఱు మమ్మడుగవచ్చును. వ్రాయకుండుటవలన నష్టపడువారు గృహిణులే గనుక వ్రాయుచున్నాము. మన దేశమున హెచ్.ఐ.వి. సోకిన స్త్రీలలో పెక్కండ్రకు అది భర్తవలననే సంక్రమించినది. వారు చేసిన పాపమేమియు లేదు. పెండ్లాడిరి, కాపురము చేసిరి.

మన దేశమున ఈ క్రిమి మొదట 1986లో మద్రాసునందు బయటపడినది. 1990 ప్రాంతమున మణిపురమునందు హెరాయిను సూదితో ఎక్కించుకొను యువకులలో కార్చిచ్చువలె ప్రాకినది. ఒకే సూది నలుగురి చేతులు మారుటయే కారణము. సూదిబోలులో నిలిచిన రక్తపు చుక్క కంటికి కానరాదు గాని, రెండవవాని నరములోనికి తిన్నగా పోవును. ఆ యువకుల వెనుక వారి భార్యలకును, కొన్ని యిండ్ల పసిబిడ్డలకును రోగము సోకినది. దేశము మొత్తముమీద మత్తుసూది వాడువారిలో ఈ క్రిమి గలవారు 2017 లెక్కప్రకారము నూటికి 6 గురికి పైగా. అదే యేట గర్భిణులలో వేయింటికి ముగ్గురైనను లేరు.

మణిపురమెక్కడ, మన కోనసీమ యెక్కడ యని సోదరీమణులు తలపవలదు. మన ప్రాంతమున క్రిమి వచ్చిన త్రోవ ప్రధానముగా సూది కాదు, స్త్రీపురుష సంబంధము. ఆ మాట నిజమే. 2021 అంచనాలలో దేశమున పెద్దవారిలో నూటికి 0.21 మందికి ఈ క్రిమి యుండగా, ఆంధ్రప్రదేశమున 0.67. 2022లో కోనసీమ వేఱు జిల్లా కాకమునుపు దీనిని కలుపుకొనియున్న తూర్పు గోదావరి, వ్యాధి హెచ్చుగానున్న జిల్లాల జాబితాలో నుండెడిది. ఇట్లు క్రిమి ముందే కాపురమున్నచోట మత్తుసూది వచ్చి చేరినచో ఏమగునో చెప్పనక్కరలేదు. విశాఖపట్టణమున పెంటజోసిను అను నొప్పిమందును మత్తుకై అమ్మువారిని పోలీసులు ఇటీవలి యేండ్లలో పలుమారులు పట్టుకొనిరి. చదువులకును కొలువులకును మన పిల్లలు పోవునది ఆ పట్టణమునకే కదా! అంబాజీపేట కొబ్బరి లారీలతో నెలల తరబడి దూరదేశములు తిరుగువారును మన యిండ్లవారే.

రాజోలు, అమలాపురము వైపు మఱియొక ముచ్చట కలదు. కువైటునకో మస్కటునకో పోగోరువారికి వీసాకు ముందు రక్తపరీక్ష చేయుదురు. హెచ్.ఐ.వి., కామెర్ల క్రిములైన హెపటైటిస్ బి, సి, క్షయ - ఏది కనబడినను ‘అన్‌ఫిట్’ అందురు. ఆ కాగితమును పెట్టె అడుగున దాచి, ఇంకొక ఏజెంటును వెదకుట మన యూళ్ల వాడుక. ప్రయాణము పోయిన దుఃఖములో, పరీక్ష చెప్పిన మాట మఱచిపోవుదురు. ఆ చీటీ చేతబట్టుకొని ఆనాడే ప్రభుత్వాసుపత్రికి పోవలసియుండగా!

సూదివలన వచ్చు రోగము హెచ్.ఐ.వి. ఒక్కటే కాదు. హెపటైటిస్ సి సూదిద్వారా దానికంటెను సులువుగా ప్రాకును. ఏండ్లకొలది చప్పుడు చేయక కాలేయమును తినివేయును. దీనికి టీకా లేదు గాని మందున్నది. పెక్కుమందికి పండ్రెండు వారములు మాత్రలు మ్రింగినచో నూటికి 95 మందికి పూర్తిగా నయమగును. 2018 నుండి ప్రభుత్వమే ఈ మాత్రలను ఉచితముగా నిచ్చుచున్నది. హెపటైటిస్ బి యన్ననో భర్తనుండి భార్యకు, తల్లినుండి బిడ్డకు వచ్చును. కాని దీనికి టీకా కలదు. బిడ్డ పుట్టిన 24 గంటలలో తొలి మోతాదు వేయించవలెను. పురుటింట ఈ సంగతి నడుగుట అమ్మమ్మలు నేర్చుకొన్నచో బాగుండును.

భర్త యట్టివాడని తెలిసిన యిల్లాలు ఏమి చేయవలెను? ఏడ్చి ఊరకుండుట, పుట్టింటికి పోవుట, మ్రొక్కులు మ్రొక్కుట - ఇవి మనము చూచుచున్నవే. మొదట ఇరువురును పరీక్ష చేయించుకొనవలెను. క్రొత్తగా సోకిన క్రిమి పరీక్షలో వెంటనే తేలకపోవచ్చును గనుక మూడు నెలలకు మరల చేయించవలెను. అంతవరకు నిరోధ్ తప్పనిసరి. ఈ మాట అచ్చున చూచి సిగ్గుపడువారు మమ్ము మన్నింతురు గాక. క్రిమి యున్నట్లు తేలినచో 2004 నుండి ఉచితముగా దొరకుచున్న మందులు దినదినము తప్పక వాడవలెను. అట్లు వాడి, రక్తములో క్రిమి లెక్కకందనంతగా తగ్గి అట్లే నిలిచినవానినుండి సంసారమువలన భార్యకు సోకదు. గర్భిణి మందు వాడనిచో నూటికి 15 మొదలు 45 మంది బిడ్డలకు రావచ్చును. వాడినచో ఐదుగురికి లోపే. మత్తు మాన్పుటకు బుప్రెనార్ఫిను అను మాత్రను నాలుక క్రింద నుంచి, సిబ్బంది కన్నులయెదుట కరగించుకొననిచ్చు ప్రభుత్వ కేంద్రములు కలవు. ఒట్టు వేయించుకొనుటకంటె ఇది మేలని మా అభిప్రాయము. ఒట్లు గట్టుమీద పెట్టుట మత్తు మరిగినవానికి వింత కాదు.

జ్వరము వచ్చిన ప్రతివాడును సూది వేయుమని ఊరి డాక్టరును పీడించుట మన పల్లెలలో నున్నది. మాత్రతో పోవు జ్వరమునకు సూది యేల? తప్పనిసరియైనచో క్రొత్త సూదిని మన కన్నులయెదుట చింపి తీయుమని అడుగుడు. దీనికి మొగమాట మక్కరలేదు.

2017లో చేయబడి, 2018 సెప్టెంబరు 10 నుండి అమలున నున్న చట్టమును స్త్రీలు తప్పక తెలిసికొనవలెను. వ్యాధి యున్నదని కోడలిని తాను కాపురమున్న యింటినుండి వెడలగొట్టరాదు. కొలువునుండి గాని బడినుండి గాని ఆ కారణముచే తీసివేయరాదు. సమ్మతి లేక పరీక్షింపరాదు. ఒకరి వ్యాధి సంగతి వారి యొప్పుదల లేక ఇతరులకు చెప్పరాదు. మత్తుసూది వాడువానికి రోగము ప్రాకకుండ శుభ్రమైన సూదినిచ్చుటయు నేరము కాదని ఆ చట్టమే చెప్పుచున్నది.

ఎక్కడికి పోవలెనో తెలియనివారు 1097 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. దానికి డబ్బు పడదు, పేరు చెప్పనక్కరలేదు.