నమూనా లేని చేతిపని

దుమ్ముగూడెం అనగానే ఇవాళ గోదావరి మీది పాత ఆనకట్ట, పర్ణశాల గుర్తొస్తాయి. ఒకప్పుడు ఈ ఊరికి లేసు వల్ల కూడా పేరుండేది. మిషనరీలు ఇక్కడి ఆడవాళ్లకు సన్నదారంతో లేసు అల్లడం నేర్పితే, ఆ అల్లిక దుమ్ముగూడెం లేసు అన్న పేరుతోనే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దాకా వెళ్లి అమ్ముడుపోయింది. అలాంటి పనికి నమూనాయే ప్రాణం. ఒక్క ముడి తప్పినా కొనేవాళ్లు పక్కన పెడతారు. బతుకుతెరువుకు చేసే పనిలో అది న్యాయమే. చిక్కల్లా, మూడేళ్ల పిల్ల చేతికి కాగితం, మట్టి ఇచ్చినప్పుడు కూడా మనం అదే న్యాయం నడిపిస్తున్నాం. అచ్చేసిన మామిడికాయలో గీత దాటకుండా రంగు నింపాలి. పెద్దవాళ్లు కత్తిరించిన చేప ఎలా ఉంటే అలాంటి చేపే అతికించాలి. కుదరకపోతే పక్కనున్న పెద్దచెయ్యి వచ్చి సరిచేస్తుంది. చివరికి గోడకెక్కేది పిల్ల పేరుతో తల్లి చేసిన బొమ్మ! చిన్నపిల్లల చేతిపనిలో నమూనా వల్ల మేలు తక్కువ, చెరుపు ఎక్కువ అని నా వాదన. నమూనా అక్కర్లేని సరుకు ఈ అడవి అంచు ఊళ్లలో ఇంటి చుట్టూనే ఉంది.

ఇది ఊరికే అభిప్రాయం కాదు. అమెరికాలో ఎలిజబెత్ బోనవిట్జ్, మరికొందరు పరిశోధకులు 2011లో ఒక ప్రయోగం ప్రచురించారు. గొట్టాలతో చేసిన కొత్త బొమ్మ ఒకటి బడికి వెళ్లే ముందు వయసు పిల్లలకిచ్చారు. అందులో ఒకచోట లాగితే కీచుమంటుంది, ఒకచోట నొక్కితే వెలుగుతుంది, ఇంకోచోట పాట వస్తుంది, మరోచోట అద్దం ఉంది. కొందరికి కీచుమనిపించడం మాత్రం టీచరమ్మలా చూపించి ఇచ్చారు. ఆ పిల్లలు దాంతోనే ఆడి తొందరగా వదిలేశారు. ఏమీ నేర్పకుండా బొమ్మ అందుకున్నవాళ్లు ఎక్కువసేపు కెలికి మిగతా సంగతులు కనిపెట్టారు. ఇంతకన్నా పాతది 1973 నాటి లెప్పర్, గ్రీన్, నిస్బెట్‌ల అధ్యయనం. బొమ్మలు గీయడమంటే ఇష్టపడే మూడు నుంచి అయిదేళ్ల పిల్లల్లో కొందరికి, గీస్తే బహుమతి పత్రం ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొన్నాళ్ల తర్వాత చూస్తే, ఆశ పెట్టని పిల్లలతో పోలిస్తే వాళ్లు గీతల మీద గడిపే సమయం దాదాపు సగమే. మన పోటీలు, ప్రథమ బహుమతి గ్లాసులు ఆ వయసుకు ఏం చేస్తున్నాయో ఆలోచించుకోవచ్చు.

అలాగని ఏమీ నేర్పకుండా వదిలేస్తే పని ఎలా వస్తుందని అడుగుతారు. గురువు లేని విద్య గుడ్డివిద్య అన్నది మన నమ్మకం కూడాను. ఆ మాటలో నిజముంది. కాకపోతే పనిముట్టు వాడే తీరు నేర్పడం వేరు, చివరికి ఏం రావాలో ముందే చెప్పడం వేరు. విస్తరి కుట్టడమే తీసుకోండి. ఎండిన మోదుగాకు మీద అలాగే పుల్ల గుచ్చితే పెళుసుగా చిరిగిపోతుంది. కాసిని నీళ్లు చిలకరించి మెత్తబడనివ్వాలి. రెండాకుల అంచులు ఒకదానిమీదొకటి వచ్చేలా పట్టుకుని, సన్నపుల్లను కిందికి గుచ్చి పైకి తీసి, మిగిలిన కొస తుంచెయ్యాలి. ఇంతవరకూ అవ్వ చూపించాల్సిందే. ఆపైన అయిదేళ్ల మనవరాలు ఆకులన్నీ గుండ్రంగా కుడుతుందో, టోపీ చేస్తుందో, పడవ చేసి వాననీళ్లలో వదులుతుందో ఆ పిల్ల ఇష్టం. విస్తరి వంకరగా వస్తే అన్నం పెట్టుకోవడానికి పనికిరాదు, అంతే. ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే పిల్లకు తెలుస్తుంది.

రంగుల సంగతీ అంతే. పసుపు నీళ్లలో చిటికెడు సున్నం కలిపితే ఎర్రబడుతుందని పారాణి పెట్టే ప్రతి ఇంట్లోనూ తెలుసు. ఆ ఎరుపులో నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు తిరిగొస్తుందని చాలామంది చూసి ఉండరు. సున్నం మాత్రం పెద్దవాళ్లే కలపాలి, కంట్లో పడితే ప్రమాదం. హోలీ ముందు పూసే మోదుగపూలను ఉడికిస్తే నారింజరంగు నీళ్లు దిగుతాయి. వేలితోనో, నలిపిన వేపపుల్లతోనో పాత పేపరు మీద పూసుకోవచ్చు. గోదావరి ఒండ్రుమట్టి ఎలాగూ ఉంది. మట్టిలో చేతులు పెడితే రోగాలొస్తాయన్న భయానికి విరుగుడు సబ్బుతో చేతులు కడగడమే. అసలు భయపడాల్సింది గింజలకు. అందంగా ఉన్నాయని గురివింద గింజలు, ఆముదం గింజలు దండ గుచ్చమని ఇవ్వకూడదు. కొరికితే రెండూ ప్రాణాంతకమైన విషాలు. మూడేళ్ల లోపు పిల్లలకైతే గొంతులో ఇరుక్కునే చిన్నవేవీ వద్దు.

గట్టి అభ్యంతరం ఒకటుంది. ఆదివాసీ పిల్లలకు బుట్టలు, ఆకులు, మట్టి. పట్నం పిల్లలకు అక్షరాలూ కంప్యూటర్లా? ఇది తేలిగ్గా కొట్టెయ్యాల్సిన ప్రశ్న కాదు. పనిని కులానికీ తెగకూ ముడిపెట్టిన దేశంలో ఆ అనుమానం రావడం సహజం. కానీ ఇక్కడ చెబుతున్నది వృత్తి నేర్పమని కాదు, అమ్మకానికి చేయించమని అంతకన్నా కాదు. అక్షరం దిద్దాల్సిన చెయ్యిని తయారుచేయడం గురించి. మణికట్టులో ఉండే 8 చిన్న ఎముకలు పుట్టినప్పుడు గట్టి ఎముకలుగా ఉండవు. ఏళ్ల తరబడి ఒక్కొక్కటే గట్టిపడుతూ వస్తాయి, చివరిది పూర్తయ్యేసరికి పదేళ్లు దాటొచ్చు. మూడేళ్ల వేళ్లతో బలవంతంగా పలక మీద ‘అ’ దిద్దించే ముందు మట్టి పిసకడం, ఆకు చింపడం, పుల్ల గుచ్చడం ఆ వేళ్లకు తగిన పని. పట్నం పిల్లలకూ కావాల్సింది ఇదే. వాళ్లు దీన్ని డబ్బాల్లో కొనుక్కుంటున్నారు.

తీరిక ఎక్కడిదన్నది తర్వాతి మాట. వేసవిలో తునికాకు కాలమొస్తే తెల్లారకముందే అడవికి పోయే తల్లికి, బిడ్డతో బొమ్మలు చేస్తూ కూర్చునే వేళ ఉండదు. ఉండాలని కూడా నేననను. సాయంత్రం ఇంటి ముందు ఆకులు 50 చొప్పున కట్ట కడుతున్నప్పుడు చిరిగిన ఆకులు పక్కన పడతాయి. అవి పిల్లలకు వదిలేస్తే చాలు. పక్కన పెద్దవాళ్ల పని నడుస్తుంటుంది, పిల్లల పని వాళ్లది. ప్రత్యేకంగా కూర్చోబెట్టి చేయించడం కన్నా ఇదే మెరుగు, ఎందుకంటే సరిదిద్దడానికి ఎవరి చేతులూ ఖాళీగా ఉండవు.

పిల్ల ఏదో గీసి తెచ్చినప్పుడు ఏమనాలో తెలియక ‘బాగుంది’ అనేస్తాం. ఈ ప్రాంతంలోనే అంతకన్నా మంచి సంప్రదాయం ఉంది. కోయల్లో ఇలవేల్పుల కథలున్న గుడ్డలను పడిగెలంటారు. వాటి మీది బొమ్మకూ నోటితో చెప్పే కథకూ విడదీయరాని బంధం. డోలు వాయిస్తూ ఆ కథలు పాడిన మణుగూరు మండలం కూనవరం సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మను చూసి మార్కులెయ్యకుండా దాని కథ చెప్పమనడం మనమూ చేయగలం. ఇంట్లో కోయ మాట్లాడి, అంగన్‌వాడీలో తెలుగు వినే పిల్లకు ఇది మరీ అవసరం. ఏ భాషలో చెప్పినా వినండి.

ప్రభుత్వం కాగితం మీద ఇదంతా ఒప్పుకుంది. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశ అంది. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ ఆ వయసుకోసం బొమ్మలూ ఆటలూ నింపిన ‘జాదుయీ పిటారా’ పెట్టె తెచ్చింది. పెట్టె మంచిదే. అది లేకపోయినా పని ఆగదు. అంగన్‌వాడీ టీచర్లకు, తల్లులకు చెప్పేదొకటే: ఈసారి పిల్లల చేతిపనులు గోడకు పెట్టినప్పుడు పెద్దవాళ్ల చెయ్యి పడినవి తీసేసి, వంకర టింకరవే పెట్టండి.