పికప్ మీటర్‌లో లైటు వెలిగిందా? ఆపాలా, నడపాలా.. ఇలా తెలుసుకోండి

మామిడి లోడుతో బాటసింగారం మార్కెట్‌కు వెళ్తున్న బండిలో, లేదంటే బక్రీద్ ముందు గొర్రెల లోడుతో వస్తున్న బండిలో సగం దారిలో పసుపు లైటు వెలిగిందనుకోండి. ఆపితే సరుకు పాడవుతుంది. నడిపితే ఇంజిన్ పోతుందేమోనని భయం. మన ఇళ్లలో ఎంతోమందికి డీజిల్ పికప్పే దుకాణం, దాని మీదే నెల నెలా కిస్తీ. అందుకే ఏ లైటు దేనికో డ్రైవర్‌కే కాదు, ఇంట్లో లెక్కలు చూసేవాళ్లకూ తెలిసి ఉండాలి.

ముందు రంగు చూడండి

ఎరుపు అంటే ఆగమని. ఆయిల్ డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే ఇంజిన్‌లో ఆయిల్ ప్రెషర్ పడిపోయినట్టు. "పక్క ఊళ్లో షెడ్ ఉందిగా" అని నడపకండి. పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపండి. ఐదు నిమిషాలాగి, సమంగా ఉన్న చోట డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ సరిపడా ఉన్నా లైటు పోకపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు, బండిని లాగించుకెళ్లడమే మేలు. లాగించే ఖర్చు ఎంతయినా ఇంజిన్ పని ముందు చిన్నదే.

టెంపరేచర్ లైటు ఎర్రగా వస్తే కూడా ఆపాల్సిందే. వేడి మీద రేడియేటర్ మూత తీయకండి, ఆవిరి ఎగజిమ్మి ముఖం, చేతులు కాలుతాయి. బ్యాటరీ బొమ్మ వెలిగితే చార్జింగ్ అందడం లేదని అర్థం. చాలాసార్లు బెల్టు తెగడమో, వదులవడమో కారణం.

పసుపు అంటే జాగ్రత్త అని. బండి మామూలుగానే లాగుతుంటే నిదానంగా గమ్యం చేరి చూపించుకోవచ్చు. లైటు మిణుకుమిణుకుమంటున్నా, పికప్ తగ్గినా, నల్లపొగ వస్తున్నా లోడుతో బలవంతంగా లాగొద్దు.

మసి ఫిల్టర్ సంగతి

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. దాంతో డీజిల్ బండ్ల సైలెన్సర్ లైన్‌లో డీపీఎఫ్ అనే మసి ఫిల్టర్ చేరింది. పొగలోని మసిని ఇది పట్టి ఉంచుతుంది. నిండాక దాదాపు 600 డిగ్రీల వేడితో తనే కాల్చేసుకుంటుంది. ఆ వేడి రావాలంటే బండి ఆగకుండా కొంతసేపు నడవాలి. బస్తీలో రెండు కిలోమీటర్లు నడిపి ఆపడం, మళ్లీ స్టార్ట్ చేయడం.. ఇలాగైతే మసి కాలదు, లైటు వస్తుంది.

అప్పుడు ఖాళీ రోడ్డు మీద ఒకే వేగంతో ఓ ఇరవై నిమిషాలు నడిపితే చాలాసార్లు లైటు దానంతటదే పోతుంది. మీ మోడల్‌కు సరైన పద్ధతి బండి పుస్తకంలో ఉంటుంది. లైటును రోజుల తరబడి పట్టించుకోకపోతే మాత్రం వర్క్‌షాప్‌లోనే శుభ్రం చేయించాలి, అప్పటికీ కాకపోతే ఫిల్టరే మార్చాలి.

డీజిల్‌లో నీళ్లు

ఫిల్టర్ బొమ్మ కింద నీటి చుక్కలుంటే డీజిల్‌లో నీళ్లు చేరాయన్నమాట. వానాకాలంలో, డ్రమ్ముల్లో నిలవ ఉన్న డీజిల్ పోసినప్పుడు ఈ బాధ ఎక్కువ. ఇంజిన్ ఆపి, ఫిల్టర్ అడుగున ఉన్న మరను వదులుచేసి, నీళ్లు పోయి శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా డబ్బాలోకి వదలండి. తర్వాత మర గట్టిగా బిగించండి. ఇప్పటి ఇంజిన్లలో ఇంజెక్టర్లకు డీజిల్ వెయ్యి బార్‌కు మించిన ఒత్తిడితో వెళ్తుంది. నీళ్లు వెళ్తే అవి త్వరగా పాడవుతాయి.

కొన్ని మోడళ్లలో డీఈఎఫ్ ట్యాంకు వేరేగా ఉంటుంది. అందులో 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీరు. పొలానికి వేసే యూరియాను బోరు నీళ్లలో కలిపి పోయకండి. డీఈఎఫ్‌ను డీజిల్ ట్యాంకులో అసలే పోయొద్దు. పొరపాటున పోస్తే తాళం కూడా తిప్పకుండా మెకానిక్‌ను పిలవండి.

కోడ్ చూడకుండా డబ్బు కట్టొద్దు

ఇంజిన్ బొమ్మ వెలిగితే స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌కు స్కానర్ పెట్టి కోడ్ చదవాలి. ఆ కోడ్ ఎక్కడ వెతకాలో చెబుతుంది, ఏ పార్టు మార్చాలో చెప్పదు. ఉదాహరణకు పీ0299 అంటే టర్బో నుంచి గాలి ఒత్తిడి తక్కువగా ఉందని. "భాయ్, టర్బో పోయింది" అనగానే ఒప్పుకోకండి. గొట్టం పగిలినా, క్లిప్ వదులైనా అదే కోడ్ వస్తుంది. ముందు అవి చూడమనండి. స్కానర్‌లో వచ్చిన కోడ్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఉత్తినే కోడ్ చెరిపేస్తే లైటు ఆరుతుంది, రోగం మాత్రం అలాగే ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు ఇదే పరీక్ష పనికొస్తుంది. తాళం ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా మీటర్ చూడండి. ఇంజిన్ బొమ్మ, ఆయిల్ డబ్బా, బ్యాటరీ అన్నీ వెలగాలి, స్టార్ట్ చేశాక ఆరిపోవాలి. ఏదైనా అసలు వెలగకపోతే దాన్ని ఎవరో కావాలనే కనబడకుండా చేసి ఉండొచ్చు. అలాంటి బండికి స్కాన్ చేయించకుండా బయానా ఇవ్వకండి.