ఆయాసం వెనుకే సత్తువ జారిపోతోంది
ఊపిరితిత్తుల జబ్బున్న వృద్ధులను మంచాన పడకుండా ఆపవచ్చు

పటమట: రోజూ రైతు బజారుకు వెళ్లి కూరగాయలు తెచ్చే పెద్దాయన కొన్నాళ్లకు వీధి చివరి కొట్టు వరకే వెళతాడు. మరికొన్నాళ్లకు అరుగు దిగడు. ఆ తరువాత మంచం దగ్గరకే కంచం వస్తుంది. "వయసు మీద పడింది కదా" అంటారు ఇంట్లోవాళ్లు. "ఉబ్బసం మనిషి, ఇంకేం తిరుగుతాడు" అంటారు ఇరుగుపొరుగువారు. ఈ రెండు మాటల వల్ల అసలు సంగతి మరుగున పడిపోతోంది. దీర్ఘకాలంగా ఊపిరితిత్తుల జబ్బు ఉన్న వృద్ధులలో ఆయాసంతో పాటు ఒంట్లోని కండ కరిగిపోతుంది, నడక మందగిస్తుంది, చేతి పట్టు సడలుతుంది. వైద్యులు దీనిని ఫ్రెయిల్టీ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే సత్తువ ఉడిగిపోవడం.

ఇది వయసుతో తప్పనిసరిగా వచ్చేదీ కాదు, వస్తే ఇక పోనిదీ కాదు. ముందుగా గుర్తిస్తే చాలామందిలో వెనక్కు మళ్లించవచ్చునని పరిశోధనలు చెబుతున్నాయి.

పొగ తాగినవారికే కాదు

ఈ జబ్బును వైద్యులు సి.ఓ.పి.డి. అంటారు. జనం మాత్రం ఉబ్బసమనీ, ఆయాసమనీ, చలికాలం దగ్గు అనీ అంటారు. నిజానికి ఉబ్బసం వేరు, ఇది వేరు. ఉబ్బసం చిన్నతనంలోనే రావచ్చు, వచ్చి తగ్గుతూ ఉంటుంది. సి.ఓ.పి.డి. సాధారణంగా 40 ఏళ్లు దాటాక బయటపడుతుంది. ఊపిరి గొట్టాలు ఇరుకై, గాలి తిత్తులు దెబ్బతిని, ఏటికేడాది కొద్దికొద్దిగా ముదురుతుంది.

మన దేశంలో 1990లో 2.81 కోట్ల మందికి ఈ జబ్బు ఉండగా, 2016 నాటికి ఆ సంఖ్య 5.53 కోట్లకు చేరిందని 2018లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం లెక్క కట్టింది. ఈ జబ్బు వల్ల కలిగే నష్టంలో సగానికి పైగా వాయు కాలుష్యానిదేనని, పొగాకుది నాలుగో వంతు అని, చేసే పనిలో పీల్చిన దుమ్ము ధూళిది 16 శాతానికి పైగా అని అదే అధ్యయనం తేల్చింది. వాయు కాలుష్యం అంటే వీధిలోని పొగ ఒక్కటే కాదు, వంటింటి పొగ కూడా.

ఈ మూడు కారణాలకూ పటమటలో కొదవ లేదు. 1980లలో నగరపాలక సంస్థలో కలిసే వరకు ఇది పంచాయతీ. ఇప్పుడు 70 ఏళ్లు దాటిన తల్లులు పిడకల మీద, పుల్లల మీద, ఊక పొయ్యి మీద వండి సంసారాలు ఈదినవారే. రాష్ట్రంలో దీపం పథకం వచ్చింది 1999లో. అప్పటికే వారి ఊపిరితిత్తులు పాతిక, ముప్పై ఏళ్ల పొగ పీల్చి ఉన్నాయి. "చుట్ట ముట్టలేదు, బీడీ ముట్టలేదు, మరి నాకెందుకు ఈ ఆయాసం" అని అడిగే అమ్మమ్మలకు సమాధానం ఆ పొయ్యి దగ్గరే ఉంది.

మగవారి సంగతి చూస్తే ఒకవైపు చుట్ట, బీడీ, మరొకవైపు ఆటోనగర్. లారీ బాడీలు కట్టడం, వెల్డింగు, డెంటింగు, స్ప్రే పెయింటింగు వంటి పనులలో ముక్కుకు గుడ్డ కూడా కట్టుకోకుండా జీవితం గడిపిన కార్మికులు ఇప్పుడు వృద్ధులయ్యారు. ఒకప్పుడు క్షయ వచ్చి తగ్గినవారికి కూడా ఊపిరితిత్తులలో మచ్చలు మిగిలి, పెద్ద వయసులో ఆయాసం రావచ్చు. ఇవన్నీ చాలవన్నట్టు, కోతలయ్యాక డెల్టా పొలాల్లో కాల్చే గడ్డి పొగ, ధనుర్మాసపు మంచు, భోగి మంటలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఇలాంటి రోగులకు ఆ నెలలు గడ్డుకాలం.

కదలకపోతే కరిగేది కండే

ఊపిరితిత్తుల జబ్బుకూ కాళ్ల బలహీనతకూ సంబంధమేమిటని అడగవచ్చు. సంబంధం ఉంది. నడిస్తే ఆయాసం వస్తుంది కాబట్టి రోగి నడక తగ్గిస్తాడు. నడక తగ్గితే తొడల కండ తగ్గుతుంది. కండ తగ్గిన కాలు కొద్ది శ్రమకే అలసి, మునుపటి కన్నా ఎక్కువ ఊపిరి కోరుతుంది. దానితో ఆయాసం పెరుగుతుంది. పెరిగిన ఆయాసానికి భయపడి నడక ఇంకా తగ్గిస్తాడు. గానుగెద్దు తిరిగినట్టు రోగి ఈ వలయంలోనే తిరుగుతాడు.

దీనికి తోడు, ఊపిరి పీల్చడమే ఇలాంటివారికి పెద్ద పని. ఆరోగ్యవంతుడికి తెలియకుండా జరిగిపోయే ఆ పనికి వీరి ఒంట్లోని శక్తి చాలా ఖర్చవుతుంది. కడుపు నిండా తింటే పొట్ట పైకి తన్ని ఊపిరి ఆడదు. అందుకని తిండి తగ్గిస్తారు. ఖర్చు పెరిగి, రాబడి తగ్గిన సంసారంలా ఒళ్లు చిక్కిపోతుంది.

ఆయాసం వచ్చినప్పుడల్లా వీధి వైద్యుడి దగ్గర స్టెరాయిడ్ మాత్రలు తెచ్చుకుని మింగే అలవాటు మరో ప్రమాదం. జబ్బు తిరగబెట్టినప్పుడు డాక్టరు కొద్ది రోజులకు రాసే మందు అది. నెలల తరబడి సొంతంగా వాడితే కండనూ, ఎముకనూ తినేస్తుంది.

అయిదు గుర్తులు

సత్తువ ఉడిగిపోవడాన్ని కొలిచేందుకు 2001లో అమెరికా వైద్యురాలు లిండా ఫ్రైడ్ బృందం అయిదు గుర్తులు చెప్పింది. ప్రయత్నించకుండానే ఏడాదిలో నాలుగున్నర కిలోలకు మించి బరువు తగ్గడం, ఎప్పుడూ డస్సిపోయినట్టు ఉండటం, చేతి పట్టు తగ్గడం, నడక మందగించడం, రోజువారీ కదలిక తగ్గిపోవడం. వీటిలో మూడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఫ్రెయిల్టీ ఉన్నట్టే. ఒకటో రెండో ఉంటే ఆ దారిలో పడినట్టు.

సి.ఓ.పి.డి. ఉన్నవారిలో దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరికి ఈ స్థితి ఉందని, ఆ జబ్బు లేనివారితో పోలిస్తే వీరికి ఈ ముప్పు సుమారు రెండింతలని 2018లో పలు అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధకులు తేల్చారు. ఇలాంటివారు చిన్న జలుబుకే ఆసుపత్రి పాలవుతారు, త్వరగా కోలుకోరు, తూలి పడతారు.

ఇంట్లోనే ఒక పరీక్ష చేసి చూడవచ్చు. గోడకు ఆనించిన గట్టి కుర్చీలో పెద్దాయనను కూర్చోబెట్టి, చేతులు గుండెకు కట్టుకుని అయిదుసార్లు లేచి కూర్చోమనాలి. పక్కన ఒకరు నిలబడాలి. 15 సెకండ్లకు మించి పట్టిందంటే తొడల బలం తగ్గిందని అనుమానించాలి. నాలుగు మీటర్లు మామూలుగా నడవడానికి అయిదు సెకండ్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే అదీ హెచ్చరికే. పంచె వదులైందా, చేతి గాజులు జారుతున్నాయా అన్నది కూడా గమనించాలి.

ఎనిమిది వారాల శిక్షణతో

ఇక ఆశ కలిగించే కబురు. లండన్‌లో 816 మంది సి.ఓ.పి.డి. రోగులపై జరిగిన అధ్యయనం 2016లో వెలువడింది. వారిలో నాలుగో వంతు మందికి ఫ్రెయిల్టీ ఉంది. వారిని ఎనిమిది వారాల వ్యాయామ శిక్షణలో చేర్చారు. శిక్షణ పూర్తి చేసిన 115 మంది ఫ్రెయిల్టీ రోగులలో 71 మంది, అంటే నూటికి సుమారు 62 మంది, ఆ స్థితి నుంచి బయటపడ్డారు. అయితే మధ్యలో మానేసినవారు కూడా ఇలాంటి బలహీనులలోనే ఎక్కువ. ఎవరికి అవసరం ఎక్కువో వారే రాలేకపోతున్నారన్నమాట. ఇంటివారి తోడు ఎందుకు అవసరమో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఆ శిక్షణకు పెద్ద యంత్రాలు అక్కరలేదు. నడక, కుర్చీలోంచి లేవడం కూర్చోవడం, నీళ్ల సీసాలు పట్టుకుని చేతులు పైకెత్తడం, ఊపిరి పట్టు తెలుసుకోవడం. ముక్కుతో గాలి పీల్చి, ఈల వేస్తున్నట్టు పెదవులు ముడిచి, పీల్చినదానికి రెట్టింపు సేపు వదలాలి. నడిచేటప్పుడు నాలుగు మాటలు మాట్లాడగలిగేంత ఆయాసం ఉండవచ్చు, మాటే రాకపోతే ఆగాలి. బెజవాడ ఎండల్లో తెల్లవారుజామునే నడవాలి. పొగమంచు రోజుల్లో ఇంట్లోనే నడవాలి. మొదలుపెట్టేముందు డాక్టరుకు చూపించుకోవాలి. గుండె నొప్పి, తల తిరగడం వంటివి వస్తే వెంటనే ఆపాలి.

తిండి, మందు

"అరగదు" అంటూ పెద్దలకు చారన్నం, జావ పెట్టి సరిపెట్టడం మన ఇళ్లలో ఆనవాయితీ. దానితో కండ నిలవదు. రోజుకు మూడుసార్లు పెట్టేదాన్ని అయిదారుసార్లుగా కొద్దికొద్దిగా పెట్టాలి. ముద్దపప్పు, పెరుగు, చేపల కూర అందులో ఉండాలి. రెండు గుడ్లలో సుమారు 12 గ్రాములు, గ్లాసుడు పాలలో ఏడెనిమిది గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడిగి తినాలి.

ఇన్‌హేలర్ అలవాటైతే వదలదన్న అపోహ మన ప్రాంతంలో బలంగా ఉంది. మందు నేరుగా ఊపిరితిత్తులకే చేరుతుంది కాబట్టి మోతాదు తక్కువ, చెరుపూ తక్కువ. మృగశిర కార్తెకు హైదరాబాదు చేప మందుకు వెళ్లివచ్చి ఇన్‌హేలర్ మానేయడం మంచిది కాదు. చుట్ట, బీడీ ఏ వయసులో మానినా మేలే. ఏటా ఫ్లూ టీకా, డాక్టరు చెప్పిన ప్రకారం న్యుమోనియా టీకా వేయించాలి. ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకున్నవారు దాన్ని దేవుడి దీపానికి, పొయ్యికి దూరంగా ఉంచాలి.

ప్రేమతోనే కట్టేయవద్దు

"నువ్వు లేవకు నాన్నా, నేను తెస్తాను", "అత్తయ్యా, మీరు కూర్చోండి" అనే మాటల్లో ప్రేమ ఉంది, మర్యాద ఉంది. కాని ప్రతి పనీ చేతికి అందిస్తే చేతి పని తప్పిపోతుంది. మంచినీళ్లు తనే ముంచుకోనివ్వాలి, పూలు తనే కోసుకోనివ్వాలి, స్నానానికి తనే నడిచి వెళ్లనివ్వాలి. పక్కన తోడు ఉంటే చాలు. స్నానాల గదిలో పట్టుకోవడానికి ఒక కమ్మీ బిగిస్తే పడిపోయే భయం తగ్గుతుంది.

ఈ జబ్బుకు నగరంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది. కృష్ణకు అవతల, మంగళగిరిలో పాత క్షయ శానిటోరియం స్థలంలో ఎయిమ్స్ వెలసింది. అయితే వారానికి రెండు మూడుసార్లు ఆయాసం మనిషి అంత దూరం పోయి రావడం కష్టం. కావలసింది వీధికి దగ్గరలో. పట్టణ ఆరోగ్య కేంద్రంలోనో, కమ్యూనిటీ హాలులోనో పది కుర్చీలు, ఒక గడియారం, వేలికి తగిలించి ఆక్సిజన్ చూసే చిన్న పరికరం, వారానికి రెండు పూటలు ఒక ఫిజియోథెరపిస్టు. ఖర్చు స్వల్పం. బి.పి., షుగరు చూసినట్టే 60 దాటిన ప్రతివారి నడకనూ, బరువునూ చూసి రాసుకునే ఏర్పాటు కూడా అక్కడే చేయవచ్చు. నగరపాలక సంస్థ, ఆరోగ్య శాఖ ఈ దిశగా ఆలోచించడం అవసరం. అధికారులు పూనుకునేలోగా, ఇంట్లో ఒక కుర్చీని గోడకు ఆనించడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.