నీళ్లు తిప్పే తిరగలి

మన ఊళ్లలో తిరగలి ఎరగని ఆడమనిషి ఉంటుందా? కొన్ని చోట్ల దాన్నే విసుర్రాయి అంటారు. పిండిమర రాకముందు మన అమ్మమ్మలు, నాయనమ్మలు కోడి కూయకముందే లేచేవాళ్లు. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని పిడి పట్టుకునేవాళ్లు. జొన్నలు, రాగులు విసిరేవాళ్లు. అలుపు తెలియకుండా పాటలు పాడుకునేవాళ్లు. పాట బాగానే ఉండేది. కాని పొద్దెక్కేసరికి చేతులు పడిపోయేవి. ఆ తర్వాతే పొలం పని. మళ్లీ ఇంటి పని.

ఈ తిరగలిని మనిషి కాకుండా నీళ్లు తిప్పితే ఎట్లా ఉంటుంది? ఇది కథ కాదు. నిజంగానే నీళ్లు తిప్పే తిరగళ్లు ఉన్నాయి. చాలా పాతవి. వాటి సంగతి తెలుసుకుందాం.

కొండల్లో ఘరాట్

మన దేశానికి ఉత్తరాన హిమాలయ పర్వతాలున్నాయి. అక్కడ ఉత్తరాఖండ్, హిమాచల్ ప్రదేశ్ రాష్ట్రాలున్నాయి. ఆ కొండ పల్లెల్లో నీటి తిరగలిని 'ఘరాట్' అంటారు. పక్కనున్న నేపాల్ దేశంలో 'ఘట్ట' అంటారు.

ఘరాట్ ఊరి మధ్యలో ఉండదు. వాగు పక్కన ఉంటుంది. చూస్తే చిన్న గుడిసె లాగా కనిపిస్తుంది. గోడలు రాతితో కడతారు. కొన్నిటికి పలక రాళ్లతో కప్పు వేస్తారు. కొన్నిటికి గడ్డి కప్పుతారు. చుట్టుపక్కల దొరికే రాయి, కర్ర, మట్టితోనే పని జరిగిపోతుంది. కట్టేవాళ్లు కూడా ఆ పల్లెల వాళ్లే.

ఈ గుడిసెలో రెండు భాగాలు ఉంటాయి. పైన తిరగలి ఉన్న గది. గింజలు తెచ్చినవాళ్లు అక్కడ కూర్చుంటారు. గది కింద ఖాళీ జాగా ఉంటుంది. నీళ్లు ఆ ఖాళీలోకి వచ్చి, చక్రాన్ని తిప్పి, మళ్లీ వాగులోకి పోతాయి.

ఎట్లా తిరుగుతుంది?

ముందు వాగుకు రాళ్లతో చిన్న అడ్డు కడతారు. కొంత నీటిని పక్కకు మళ్లిస్తారు. ఆ నీరు పిల్లకాలువలో నడిచి ఘరాట్ పైవైపుకు చేరుతుంది. అక్కడ ఏటవాలుగా ఒక దోనె ఉంటుంది. పెద్ద దుంగను తొలిచి ఆ దోనె చేస్తారు. కిందికి పోయేకొద్దీ దోనె సన్నబడుతుంది. అందుకే నీళ్లు జోరుగా దూకుతాయి.

దూకిన నీళ్లు నేరుగా చక్రం రెక్కలను కొడతాయి. ఈ చక్రం బండి చక్రం లాగా నిలువుగా ఉండదు. కుమ్మరి సారె లాగా పడుకుని తిరుగుతుంది. చక్రం నడుమ నిలువుగా ఒక ఇరుసు ఉంటుంది. ఆ ఇరుసు గది నేలలోంచి పైకి వస్తుంది. కింది రాయికి ఉన్న రంధ్రంలోంచి దూరి పై రాయిని పట్టుకుంటుంది. కింది రాయి కదలదు. చక్రం తిరిగితే ఇరుసు తిరుగుతుంది. ఇరుసుతో పాటు పై రాయి తిరుగుతుంది. మన తిరగలి కూడా ఇంతే గదా! మన దగ్గర పిడి ఉంది. అక్కడ పిడికి బదులు నీళ్లున్నాయి.

మరి గింజలు ఎవరు పోస్తారు? తిరగలి పైన ఒక బుట్ట వేలాడుతుంది. దాని అడుగున చిన్న దారి ఉంటుంది. బుట్టకు తగిలించిన ఒక పుల్ల పై రాయి మీద ఆనుకుని ఉంటుంది. రాయి గరుకుగా ఉంటుంది కాబట్టి, అది తిరిగేటప్పుడు పుల్ల టకటకమని ఎగురుతుంది. బుట్ట అదురుతుంది. గింజలు కొద్దికొద్దిగా రాయి కంట్లోకి జారుతాయి. రాయి జోరుగా తిరిగితే గింజలు ఎక్కువ పడతాయి. నెమ్మదిగా తిరిగితే తక్కువ పడతాయి. రాయి ఆగితే గింజలూ ఆగిపోతాయి. మనిషి పక్కన ఉండి పిడికిలితో పోయనక్కరలేదు. చదువురాని పల్లె మనుషుల తెలివి ఇది!

పిండి మెత్తగా కావాలా, బరకగా కావాలా? దానికీ ఉపాయం ఉంది. ఇరుసు అడుగున ఉన్న దూలాన్ని ఒక కర్రతో కొంచెం పైకి ఎత్తుతారు. ఇరుసుతో పాటు పై రాయి లేస్తుంది. రెండు రాళ్ల మధ్య సందు పెరుగుతుంది. పిండి బరకగా వస్తుంది. దూలాన్ని దించితే సందు తగ్గుతుంది. పిండి మెత్తగా వస్తుంది. రాళ్లు అరిగి నున్నబడితే మళ్లీ గంట్లు కొట్టుకోవాలి. ఈ బాధ మన తిరగలికీ ఉన్నదే.

పాత ఘరాట్ గంటకు సుమారు 5 నుంచి 10 కిలోల పిండి విసురుతుంది. కరెంటు మరతో పోలిస్తే ఇది తక్కువే. కాని డీజిల్ అక్కరలేదు. పొగ లేదు. రాయి నెమ్మదిగా తిరగడం వల్ల పిండి వేడెక్కదు. అందుకే ఈ పిండి రుచిగా ఉంటుందని అక్కడివాళ్లు అంటారు. గోధుమలు, మొక్కజొన్నలు విసురుతారు. మన రాగులు కూడా విసురుతారు. రాగులను అక్కడ 'మండువా' అంటారు.

విసిరినందుకు పాతకాలంలో డబ్బు ఇచ్చేవాళ్లు కాదు. పిండిలోనే కొంత భాగం ఘరాట్ నడిపే మనిషికి కొలిచి ఇచ్చేవాళ్లు.

రెండు వేల ఏళ్ల నాటి మాట

నీటి తిరగలి ఒక్క హిమాలయాల్లోనే లేదు. సుమారు 2,000 ఏళ్ల కిందటే ఐరోపా ఖండంలోనూ ఉంది. ఆ కాలంలో విత్రూవియస్ అనే రోమన్ ఇంజనీరు కట్టడాల గురించి గ్రంథం రాశాడు. అందులో నీటి తిరగలి సంగతి చెప్పాడు. ఆయన చెప్పిన చక్రం నిలువుగా తిరుగుతుంది. పళ్ల చక్రాలు దాని శక్తిని రాయికి అందిస్తాయి.

ఆ రోజుల్లోనే అంటిపేటర్ అనే గ్రీకు కవి నీటి తిరగలి మీద కవిత రాశాడు. తిరగలి తిప్పే ఆడవాళ్లతో, మీ పని ఇక నీళ్లు చేస్తాయి, మీరు నిద్రపోండి అన్నట్టుగా రాశాడు. చూశారా! అక్కడా తిరగలి తిప్పింది ఆడవాళ్లే. తెల్లవారుజామున లేచిందీ ఆడవాళ్లే.

ఫ్రాన్సు దేశంలో బార్బెగల్ అనే చోట రోమన్లు ఒకే కొండవాలు మీద 16 నీటి చక్రాలు పెట్టారు. వరుసకు 8 చొప్పున రెండు వరుసలు. పై చక్రాన్ని తిప్పిన నీళ్లే కింది చక్రాన్నీ తిప్పేవి. దాని శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి.

తిరగళ్లతో నేల పరిచిన మఠం

నీళ్లు వచ్చి పని చేశాయి. మరి ఆడవాళ్ల కష్టం తీరిపోయిందా? అన్నిచోట్లా తీరలేదు. ఎందుకంటే మర ఎవరి చేతిలో ఉందన్నది ముఖ్యం.

ఇంగ్లండు దేశం సంగతి వినండి. అక్కడ 1086లో రాజు లెక్కలు రాయించాడు. దేశంలో 5,000కు పైగా మరలు తేలాయి. అవి ఎక్కువగా భూస్వాములవి, మఠాలవి. చాలా చోట్ల జనం తమ గింజలను దొర మరలోనే ఆడించాలి. సుంకంగా కొంత ధాన్యం ఇచ్చుకోవాలి. ఇంట్లో చేతి తిరగలి వాడితే నేరం.

సెయింట్ ఆల్బన్స్ అనే ఊళ్లో పెద్ద మఠం ఉండేది. జనం చేతి తిరగళ్లు వదలలేదు. మఠం ఊరుకోలేదు. 1331 ప్రాంతంలో మఠాధిపతి ఇళ్లలోని తిరగళ్లను లాగేసుకున్నాడు. ఆ రాళ్లతో మఠంలో నేల పరిపించాడు. జనం అది మరిచిపోలేదు. 50 ఏళ్లు గడిచాయి. 1381లో ఇంగ్లండు రైతులు తిరగబడ్డారు. అప్పుడు సెయింట్ ఆల్బన్స్ జనం మఠంలోకి వెళ్లారు. నేలను పెకలించారు. ఆ రాళ్లను ముక్కలు చేసి, తలా ఒక ముక్క పంచుకున్నారు.

ఆ ముక్కలతో పిండి విసరలేరు గదా! అయినా ఎందుకు తీసుకున్నారు? అవి తమ తాతల ఇళ్లలోంచి పోయిన రాళ్లు కాబట్టి.

మనకు దగ్గరలో

మహారాష్ట్రలో ఔరంగాబాద్ నగరం ఉంది. ఇప్పుడు దాని పేరు ఛత్రపతి శంభాజీనగర్. 1956 వరకు ఆ ప్రాంతం, తెలంగాణ ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి. అక్కడ బాబా షా ముసాఫిర్ దర్గా దగ్గర పాత నీటి తిరగలి ఉంది. దాన్ని 'పన్‌చక్కీ' అంటారు. పానీ అంటే నీళ్లు. చక్కీ అంటే తిరగలి. కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండల నుంచి భూమి లోపల మట్టి గొట్టాలు వేసి నీళ్లు తెచ్చారు. ఆ నీళ్లు పైనుంచి దూకి చక్రాన్ని తిప్పేవి. వచ్చిన పిండి దర్గాకు వచ్చే ఫకీర్లకు, యాత్రికులకు భోజనం అయ్యేది.

మన మైదానాల్లో ఇట్లాంటివి ఎందుకు కనిపించవు? నీళ్లు దూకడానికి వాలు కావాలి. ఏడాదిలో ఎక్కువ నెలలు పారే వాగు కావాలి. మన వాగులు చాలావరకు వానాకాలం దాటితే ఎండిపోతాయి.

ఘరాట్ మళ్లీ లేచింది

కొండల్లోకి రోడ్లు వచ్చాయి. డీజిల్ మరలు, కరెంటు మరలు వచ్చాయి. అవి గబగబా విసురుతాయి. దాంతో చాలా ఘరాట్లు మూతపడ్డాయి. కొన్ని వాగుల్లో నీళ్లు తగ్గాయి. వరదలొస్తే కాలువలు తెగిపోయేవి. నడిపేవాళ్లు పని మానుకుని పట్నం దారి పట్టారు.

కాని అందరూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఉత్తరాఖండ్‌లో అనిల్ ప్రకాశ్ జోషి అనే ఆయన, ఆయన పెట్టిన హెస్కో సంస్థ ఘరాట్లను బాగు చేసే పనికి పూనుకున్నారు. కర్ర రెక్కల బదులు లోహపు రెక్కలు పెట్టారు. ఇరుసు సులువుగా తిరిగేందుకు బేరింగులు వేశారు. అదే నీటితో పిండి రెట్టింపుకు పైగా వస్తుంది. కొన్ని ఘరాట్లు వడ్లు దంచుతాయి, నూనె తీస్తాయి. మరికొన్ని రాత్రిపూట కరెంటు కూడా ఇస్తాయి. జోషి గారికి 2020లో పద్మభూషణ్ బిరుదు వచ్చింది.

ఆలోచిద్దాం

నీళ్లు తిరగలి తిప్పితే ఆడవాళ్లకు పొద్దున రెండు గంటలు మిగులుతాయి. ఆ రెండు గంటలు ఎవరివి? మళ్లీ ఇంకో చాకిరికే పోతాయా? కాసేపు పడుకోవడానికి, చదువుకోవడానికి, నలుగురితో కూర్చోవడానికి దొరుకుతాయా? మర కొనడం ఒక పని. మిగిలిన పొద్దును దక్కించుకోవడం ఇంకో పని. రెండో పని నీళ్లు చేసిపెట్టవు. మనమే చేసుకోవాలి.

మాట్లాడుకోండి

1. మీ ఊరికి పిండిమర ఎప్పుడు వచ్చింది? అంతకు ముందు ఎవరు విసిరేవాళ్లు? పెద్దవాళ్లను అడిగి రాయండి.
2. ఘరాట్‌లో పిండి బరకగా రావాలంటే ఏం చేస్తారు?
3. సెయింట్ ఆల్బన్స్ జనం రాతి ముక్కలను ఎందుకు పంచుకున్నారు?
4. మీ ఊళ్లో ఆడవాళ్ల పని తగ్గించే మర ఏదైనా ఉందా? అది ఎవరి చేతిలో ఉంది?